సింగపూర్‌లో అడ్జుడికేషన్ డిటర్మినేషన్‌ని ప్రొసీజర్ మీద సవాల్ చేయడం ఎలా: సబ్‌కాన్‌కీ మెయిన్ కాన్‌కీ ఇద్దరికీ పనికొచ్చే గైడ్

సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ లైన్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, సైట్ ఇంజినీర్లు, కొలతలూ ఖర్చులూ లెక్కేసే క్వాంటిటీ సర్వేయర్లు అంటే క్యూఎస్‌లు, కాంట్రాక్ట్స్ సెక్షన్‌లో కూర్చునేవాళ్లు, మెయిన్ కాంట్రాక్టర్ (మెయిన్ కాన్) కింద పని తీసుకునే చిన్న సబ్‌కాంట్రాక్ట్ (సబ్‌కాన్) కంపెనీ సొంతంగా పెట్టుకున్నవాళ్లు. వీళ్లలో ఎవర్ని కదిపినా ఒకటే మాట, పని అయిపోయింది, డబ్బులు రాలేదు. దానికి ఇక్కడ గట్టి చట్టమే ఉంది, అందరూ సోపా అంటారు, పూర్తి పేరు బిల్డింగ్ అండ్ కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ సెక్యూరిటీ ఆఫ్ పేమెంట్ యాక్ట్. 2004లో చేశారు, 2005 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 2018లో సవరించి ఆ మార్పుల్ని 2019 డిసెంబర్ 15 నుంచి తెచ్చారు. పాత గైడ్ పుస్తకం ఏదో ముందేసుకుని రోజులు లెక్కపెట్టేవాళ్లు ఈ చివరి తేదీ గుర్తుంచుకోండి, ఎందుకంటే గడువులు మారాయి.

నేను లాయర్ని కాదు, క్యూఎస్‌ని. క్లెయిమ్‌లు వేసే టేబుల్ దగ్గరా కూర్చున్నాను, వాటికి రెస్పాన్స్ రాసే టేబుల్ దగ్గరా కూర్చున్నాను. కోర్టుకి వెళ్లేటప్పుడు లాయర్ తప్పనిసరి, కానీ లాయర్ దగ్గరికి వెళ్లేసరికే సగం కేసు గెలవడమో ఓడిపోవడమో అయిపోయి ఉంటుంది, ఆ సగం మన చేతుల్లో ఉంటుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి రెండు ముక్కల్లో. సబ్‌కాన్ చేసిన పనికి ఇంత ఇవ్వాలని పేమెంట్ క్లెయిమ్ వేస్తాడు, మెయిన్ కాన్ ఎంత ఇస్తాడో, ఎందుకు ఆపుతున్నాడో చెప్తూ పేమెంట్ రెస్పాన్స్ ఇస్తాడు, తేడా వస్తే సబ్‌కాన్ సింగపూర్ మీడియేషన్ సెంటర్‌లో, అంటే ఎస్‌ఎమ్‌సీలో, అడ్జుడికేషన్ అప్లికేషన్ వేస్తాడు, వాళ్లు ఒక అడ్జుడికేటర్‌ని పెడతారు, ఆయన మామూలుగా 14 రోజుల్లో ఇంత కట్టాలి అని తేల్చేస్తాడు. దాన్నే డిటర్మినేషన్ అంటారు. ముందు కట్టు, తర్వాత తీరిగ్గా వాదించుకో, అదే ఈ చట్టం లెక్క. ఈ తీర్పు ఫైనల్ కాదు, రేపు ఆర్బిట్రేషన్‌లోనో కోర్టులోనో మొత్తం అకౌంట్ తిరగదోడొచ్చు, కానీ అప్పటిదాకా కట్టి తీరాలి. మరి కట్టకుండా ఆపగలిగే దారి ఏంటంటే, ఆ డిటర్మినేషన్ వచ్చిన పద్ధతిలోనే తప్పుందని కోర్టుకి చూపించి కొట్టేయించడం, సెట్ అసైడ్ అంటారు. ఈ గైడ్ అంతా దాని గురించే.

మొదటి స్టెప్: డిటర్మినేషన్ చేతికొచ్చిన రోజే తేదీ రాసిపెట్టుకోండి

కాగితం చదవకముందే, దాని మీద అది మీకు సర్వ్ అయిన, అంటే చట్టప్రకారం అందిన, తేదీ రాయండి. అడ్జుడికేటర్ వేరే తేదీ చెప్పకపోతే ఆ రోజు నుంచి 7 రోజుల్లో డబ్బు కట్టాలి. అదే 7 రోజుల్లో ఇంకో దారి కూడా మూసుకుపోతుంది, అడ్జుడికేషన్ రివ్యూ అని ఒకటుంది, రెస్పాన్స్‌లో ఒప్పుకున్న మొత్తానికీ తీర్పు మొత్తానికీ తేడా లక్ష డాలర్లో అంతకు పైనో ఉంటే ఇంకో అడ్జుడికేటర్‌తో మళ్లీ చూపించుకోవచ్చు, తేడా పది లక్షల డాలర్లో అంతకు పైనో ఉంటే ముగ్గురి ప్యానెల్ కూర్చుంటుంది. ఒకప్పుడు ఇది డబ్బు కట్టాల్సినవాడికే ఉండేది, 2019 తర్వాత క్లెయిమ్ వేసినవాడికి కూడా ఇచ్చారు. కట్టాల్సినవాడు రివ్యూకి పోవాలంటే ముందు మొత్తం క్లెయిమెంట్‌కి కట్టేయాలి.

ఈ రెండు దారుల తేడా అర్థం చేసుకోకుండా పరిగెత్తేవాళ్లని చూస్తే బాధేస్తుంది. కొలతలు తప్పు లెక్కేశాడు, వేరియేషన్, అంటే మధ్యలో మారిన పని, దాని రేటు ఎక్కువ ఇచ్చాడు, డిఫెక్ట్స్ ఫోటోలు చూసి కూడా నమ్మలేదు, ఇవన్నీ మెరిట్స్ గొడవలు, వీటికి రివ్యూనో ఫైనల్ అకౌంటో దారి. కోర్టు సెట్ అసైడ్‌లో ఇవి ముట్టుకోదు. అడ్జుడికేటర్ లెక్క తప్పయినా సరే, చట్టం చెప్పిన దారిలో నడిచి తప్పు చేస్తే ఆ తప్పు నిలబడుతుంది.

రెండో స్టెప్: మీ కోపాన్ని రెండు కుప్పలు చేయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. డిటర్మినేషన్ మీద మీకున్న కంప్లైంట్లన్నీ ఒక్కొక్కటీ రాయండి, ఎడమ పక్క "ఏం తేల్చాడు", కుడి పక్క "ఎలా తేల్చాడు". సీలింగ్ పని 1,200 చదరపు మీటర్లు కాదు 950 మాత్రమే, ఇది ఎడమ. రిటెన్షన్, అంటే బిల్లులో పట్టి ఉంచే డబ్బు, దాని మీద మేం రాసిన నాలుగు పేజీల గురించి ఒక్క వాక్యం కూడా లేదు, ఇది కుడి. క్లెయిమ్ కాంట్రాక్ట్‌లో చెప్పిన పద్ధతిలో మాకు అందనేలేదు, కుడి. నా అనుభవంలో పది కంప్లైంట్లు రాస్తే ఎనిమిది ఎడమ పక్కకే పోతాయి, మిగిలిన ఆ రెండిట్లో ఒకటి ఆలస్యంగా చెప్తున్నదై ఉంటుంది. కుడి పక్క ఖాళీగా ఉంటే అక్కడితో ఆపేయండి, లాయర్ ఫీజు మిగులుతుంది.

కుడి పక్కకి ఏవి వస్తాయో చట్టమే సవరణ తర్వాత ఒక జాబితాగా పెట్టింది, మామూలు మాటల్లో చెప్పాలంటే ఇవి: పేమెంట్ క్లెయిమ్ చట్టం ప్రకారం సర్వ్ కాకపోవడం, అడ్జుడికేషన్ అప్లికేషన్ వేయడంలో చట్టం చెప్పింది పాటించకపోవడం, అడ్జుడికేటర్ తన పరిధి దాటడం లేదా చట్టం చేయమన్నది చేయకపోవడం, క్లెయిమ్ మీదే కనిపిస్తున్న తప్పుని పట్టించుకోకపోవడం, సహజ న్యాయం, అంటే ఇద్దరి మాటా సరిగ్గా వినాలన్న నియమం, దెబ్బతినడం, అసలు ఈ చట్టం కింద క్లెయిమ్ వేసే హక్కే లేకపోవడం, మోసం.

మూడో స్టెప్: తేదీలు మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా కూర్చోవాలి. ఎక్కువ కేసులు చచ్చేది ఇక్కడే.

గడువులు ఇలా నడుస్తాయి. పేమెంట్ క్లెయిమ్ సర్వ్ అయ్యాక, రెస్పాన్స్‌కి కాంట్రాక్ట్‌లో రాసిన గడువు ఉంటుంది, అది ఎంత పెట్టుకున్నా 21 రోజులకి మించకూడదు, కాంట్రాక్ట్‌లో ఏమీ రాయకపోతే 14 రోజులు. రెస్పాన్స్ ఇవ్వాల్సిన రోజు దాటాక 7 రోజులు డిస్ప్యూట్ సెటిల్‌మెంట్ పీరియడ్, అంటే మాట్లాడుకుని తేల్చుకోవడానికి ఇచ్చిన వారం. ఆ వారం అయిపోయాకే అడ్జుడికేషన్ వేసే హక్కు పుడుతుంది, పుట్టాక మళ్లీ 7 రోజుల్లోపే వేయాలి. వేసే ముందు నోటీస్ ఆఫ్ ఇంటెన్షన్ ఇవ్వాలి. ఒక రోజు ముందు వేస్తే చెల్లదు, ఒక రోజు లేటైతే చెల్లదు. అవతలివాడికి అప్లికేషన్ కాపీ అందాక రెస్పాన్స్ వేయడానికి 7 రోజులు.

ఈ చట్టంలో రోజు అంటే పబ్లిక్ హాలిడే కాని ప్రతి రోజూ. శని ఆదివారాలు లెక్కలోకి వస్తాయి, పబ్లిక్ హాలిడేలు రావు. ఇది నాకు ఎంత ఖరీదుగా తెలిసిందో చెప్తాను. 2022లో ఒక చిన్న పార్టిషన్ సబ్‌కాన్ కంపెనీకి క్లెయిమ్‌లు చూసేవాణ్ణి, 14 మంది పనివాళ్లు, అందులో సగం మంది మన శ్రీకాకుళం వైపువాళ్లు. మెయిన్ కాన్‌కి సెప్టెంబర్ 27న క్లెయిమ్ సర్వ్ చేశాం, కాంట్రాక్ట్‌లో రెస్పాన్స్‌కి 21 రోజులు, అంటే అక్టోబర్ 18. అక్కడ్నుంచి వారం లెక్క, 19, 20, 21, 22, 23, 24, 25. సరిగ్గా ఏడు, కాబట్టి 26న పొద్దున్నే అప్లికేషన్ వేసేశాం, మేం చాలా ఫాస్ట్‌గా ఉన్నామని సంతోషపడ్డాం కూడా. ఆ 24 సోమవారం, దీపావళి. ఇక్కడ పబ్లిక్ హాలిడే. దాన్ని తీసేస్తే ఏడో రోజు 26 అవుతుంది, మా హక్కు 27న పుడుతుంది, మేం ఇంకా పుట్టని హక్కుతో ఒక రోజు ముందే తలుపు కొట్టాం. అప్లికేషన్ పోయింది. దీపావళి మన పండగ, ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, సెలవని నాకు తెలుసు, అయినా ఎక్సెల్ షీట్‌లో తీయలేదు. ఓనర్ ఏమీ అనలేదు, ఆ నెల జీతాల కోసం ఆయన ఊళ్లో పొలం మీద అప్పు తెచ్చాడని తర్వాత తెలిసింది.

అందుకని క్లెయిమెంట్ అయితే ఆ ఏడు రోజుల కిటికీలో మొదటి రోజూ చివరి రోజూ రెండూ వదిలేసి మధ్యలో వేయండి. మా కేసులో అక్టోబర్ 28 శుక్రవారమో 31 సోమవారమో వేస్తే ఎవడూ వేలు పెట్టే వీల్లేదు. రెస్పాండెంట్, అంటే కట్టాల్సినవాడు, అయితే ఇదే క్యాలెండర్ తీసుకుని అవతలివాడి ప్రతి తేదీ మీదా పెన్సిల్ పెట్టండి, ముఖ్యంగా చైనీస్ న్యూ ఇయర్, హరి రాయా, దీపావళి ఉన్న నెలల్లో.

ఇంకో మంచి విషయం. ఇలా ప్రొసీజర్ మీద పోతే డబ్బు మీద హక్కు పోలేదు. తేలని మొత్తాన్ని తర్వాతి పేమెంట్ క్లెయిమ్‌లో మళ్లీ కలిపి వేసుకోవచ్చు, మేం అదే చేశాం. కానీ ఆఖరి పని చేసి 30 నెలలు దాటకుండా చూసుకోండి, టీఓపీ, అంటే భవనం వాడుకోవడానికి ఇచ్చే తాత్కాలిక పర్మిట్, అది వచ్చిన తేదీ కూడా ఆ లెక్కలోకి వస్తుంది కాబట్టి అదీ ఫైల్లో పెట్టుకోండి.

గడియారం కూడా చూసుకోవాలి, క్యాలెండర్ ఒక్కటే సరిపోదు. సిటీవాల్ సేఫ్టీ గ్లాస్, మాన్‌సోర్స్ ఇంటీరియర్ మధ్య జరిగిన కేసులో అడ్జుడికేషన్ రెస్పాన్స్ చివరి రోజు సాయంత్రం 4:32కి ఎస్‌ఎమ్‌సీకి చేరింది, అక్కడ కౌంటర్ టైమ్ 4:30. రెండు నిమిషాలు. అడ్జుడికేటర్ ఆ రెస్పాన్స్‌ని పక్కన పెట్టేశాడు, హైకోర్టు అది అన్యాయం అంది, 2015లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ మాత్రం అడ్జుడికేటర్ చేసింది కరెక్టే అని తేల్చింది. లేటుగా వచ్చిన కాగితం చూడకూడదని చట్టమే చెప్తున్నప్పుడు, చూడలేదని సహజ న్యాయం పేరు ఎత్తలేం.

నాలుగో స్టెప్: ఆ తప్పుని పేమెంట్ రెస్పాన్స్‌లో చెప్పారా లేదా వెతకండి

ఈ గైడ్‌లో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

అవతలివాడి క్లెయిమ్‌లో తేదీ తప్పు దొరికింది, సర్వీస్ తప్పు దొరికింది, పండగ చేసుకున్నాం అనుకుంటారు. మొదటి ప్రశ్న, అది అప్పుడే చెప్పారా? ఔడీ కన్‌స్ట్రక్షన్, కియాన్ హియాప్ కన్‌స్ట్రక్షన్ కేసు ఇక్కడ అందరూ చెప్పుకునేది, 2018లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఇచ్చింది. కాంట్రాక్ట్ ప్రకారం క్లెయిమ్ నెలలో 20వ తేదీన సర్వ్ చేయాలి. 2016 నవంబర్ 20 ఆదివారం పడింది. ఔడీ వాళ్లు శుక్రవారం 18నే తీసుకెళ్లి ఇచ్చేశారు, కాగితం మీద తేదీ మాత్రం 20 అనే వేశారు. కియాన్ హియాప్ పేమెంట్ రెస్పాన్సే ఇవ్వలేదు, ఈ తేదీ ఊసూ ఎత్తలేదు. తర్వాత అడ్జుడికేషన్‌లో మొదటిసారి లేపింది, క్లెయిమే చెల్లదు అని. కోర్ట్ ఆఫ్ అప్పీల్ రెండు మాటలంది. ఒకటి, ఆదివారం ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి ముందు ఇచ్చి 20 తేదీ వేయడంలో తప్పు లేదు, అది 20 నుంచే లెక్క అని ఇద్దరికీ అర్థమవుతుంది. రెండోది మనకి అసలైనది, ఇలాంటి అభ్యంతరం ఉంటే రెస్పాండెంట్ పేమెంట్ రెస్పాన్స్‌లోనే నోరు విప్పాలి, విప్పకుండా ఊరుకుంటే ఆ అభ్యంతరం వదులుకున్నట్టే, తర్వాత ఎత్తే హక్కు లేదు.

దీని వెనకున్న న్యాయం నాకు చాలా ఇష్టం. తప్పు కనిపించినా జేబులో దాచుకుని, అవతలివాడు ఫీజులు కట్టి, నెలలు గడిచి, గెలిచాక బయటికి తీయడం అనేది సైట్‌లో ఎండలో పనిచేసిన మనిషిని మోసం చేయడమే. అప్పుడే చెప్తే వాడు వచ్చే నెల సరిచేసుకుని మళ్లీ వేసుకునేవాడు కదా.

తర్వాత 2019 సవరణలో కూడా ముందుగా సర్వ్ చేసిన క్లెయిమ్‌ని కాంట్రాక్ట్ తేదీన సర్వ్ అయినట్టే భావించాలని పెట్టారు, కాబట్టి "రెండు రోజులు ముందొచ్చింది" అనే వాదనకి ఇప్పుడు ప్రాణం లేదు.

కాబట్టి మెయిన్ కాన్ వైపు కూర్చున్న క్యూఎస్‌లకి చెప్పేది ఏంటంటే, రెస్పాన్స్ టెంప్లేట్‌లో లెక్కల టేబుల్‌కి ముందే ఒక పేరా పెట్టుకోండి. అందులో క్లెయిమ్ ఎప్పుడు, ఎవరికి, ఏ రూపంలో అందింది, కాంట్రాక్ట్ ఏం చెప్తోంది, మా అభ్యంతరం ఇది, దాన్ని వదులుకోకుండానే కింద లెక్కలు ఇస్తున్నాం, ఇలా ప్రతి నెలా ఆ నెల వివరాలతో రాయండి. ఒకే వాక్యం కాపీ పేస్ట్ చేసి "అన్ని హక్కులూ మావే" అని రాస్తే సరిపోదు, అభ్యంతరం ఏంటో అవతలివాడికి అర్థమయ్యేలా ఉండాలి.

ఇదే సూత్రం డబ్బు ఆపడానికి చెప్పే కారణాలకీ వర్తిస్తుంది. రెస్పాన్స్‌లో లేని కారణాన్ని అడ్జుడికేటర్ చూడకూడదు, తర్వాత జరిగినదో అప్పటికి తెలిసే వీల్లేనిదో అయితే తప్ప. 2013లో డబ్ల్యూ వై స్టీల్, ఓస్కో కేసులో రెస్పాండెంట్ పేమెంట్ రెస్పాన్స్ అసలు ఇవ్వనేలేదు, తర్వాత నా మాట వినలేదని సహజ న్యాయం మీద వెళ్లింది, ఓడిపోయింది. రెస్పాన్స్ ఇవ్వనివాడికి మిగిలేది ఒకటే సన్న దారి, క్లెయిమ్ చూడగానే కనిపించే తప్పు, అంటే ఒకే వేరియేషన్‌ని రెండు చోట్ల బిల్ చేయడం లాంటిది, దాన్ని అడ్జుడికేటర్ తనంతట తనే చూడాలి. 2018లో కంఫర్ట్ మేనేజ్‌మెంట్ కేసులో కోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. దాని మీద ఆశ పెట్టుకుని రెస్పాన్స్ మానేయొద్దు దయచేసి.

ఇంకో మాట బ్యాక్‌చార్జ్‌ల గురించి, అంటే మీ వల్ల మాకు ఖర్చయిందని బిల్లులోంచి కోసుకునే మొత్తాలు. నష్టం, లాస్ అండ్ ఎక్స్‌పెన్స్ కింద ఎవరేం అడిగినా, ఆ మొత్తానికి ఇద్దరూ ఒప్పుకున్నట్టు కాగితమో, కాంట్రాక్ట్ ప్రకారం ఇచ్చిన సర్టిఫికెట్టో లేకపోతే అడ్జుడికేటర్ పక్కన పెట్టేయాలి. అది రెండు వైపులకీ వర్తిస్తుంది. కాబట్టి "మా బ్యాక్‌చార్జ్ చూడలేదు" అని కోర్టుకెక్కే ముందు మీ దగ్గర సంతకం పెట్టిన కాగితం ఉందో లేదో చూసుకోండి.

ఐదో స్టెప్: సహజ న్యాయం మీద వెళ్తుంటే పేరా నంబర్లతో వెళ్లండి

అందరూ మొదట అనే మాట ఇదే, నా మాట వినలేదు. కోర్టుకి ఆ బాధ చాలదు. కానీ నిజంగా వినకపోతే గెలుస్తారు, దానికి ఉదాహరణ 2018లోనే వచ్చిన బింటాయ్ కిండెన్కో, శాంసంగ్ సీ అండ్ టీ కేసు. సబ్‌కాన్ బింటాయ్ అడ్జుడికేషన్‌లో గెలిచింది, కానీ రిటెన్షన్ డబ్బు గురించి ఇద్దరూ వాదించిన విషయాన్ని అడ్జుడికేటర్ తీర్పులో ముట్టుకోనేలేదు. అది పెద్ద విషయం, తేల్చితే మొత్తం మారిపోయేది, కాబట్టి సహజ న్యాయం దెబ్బతిందని డిటర్మినేషన్‌ని హైకోర్టు కొట్టేసింది, కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాన్నే సమర్థించింది.

దీన్నుంచి పని ఎలా చేయాలో తెలుస్తుంది. మీరు అడ్జుడికేటర్ ముందు పెట్టిన ప్రతి విషయాన్నీ ఒక వరసలో రాయండి, దాని పక్కన మీ రెస్పాన్స్‌లో పేరా నంబర్, ఆ పక్కన డిటర్మినేషన్‌లో ఆయన దాన్ని ముట్టుకున్న పేరా నంబర్. మూడో గడి ఖాళీగా ఉన్న విషయాలు మాత్రమే మిగుల్చుకోండి. వాటిలో ఒక్కొక్కదాన్నీ ఇలా అడగండి: ఇది కీలకమైనదా, దీన్ని చూడలేదన్నది ఎవరికైనా స్పష్టంగా కనిపిస్తోందా, చూసి ఉంటే మొత్తం ఎంత మారేది. డాలర్లలో ఒక అంకె చెప్పలేకపోతే ఆ పాయింట్ వదిలేయండి. చిన్న వాక్యంతో కొట్టేసినా సరే అది చూసినట్టే, కారణాలు పొట్టిగా ఉన్నాయన్నది వేరే ఫిర్యాదు.

రెండో రకం, ఇద్దరూ అడగని లెక్కనో సిద్ధాంతాన్నో అడ్జుడికేటర్ సొంతంగా పట్టుకొచ్చి, మీకు మాట్లాడే అవకాశం ఇవ్వకుండా దాని మీదే తేల్చేయడం. ఇది కూడా గట్టిదే, కానీ అవకాశం ఇచ్చి ఉంటే మీరేం చెప్పేవారో కోర్టుకి చూపించాలి.

ఆరో స్టెప్: అసలు ఈ క్లెయిమ్ చట్టం కిందకి వస్తుందా

నాలుగో స్టెప్‌లో చెప్పిన "అప్పుడే చెప్పాలి" అనే రూల్‌కి ఒక మినహాయింపు ఉంది, క్లెయిమ్ అసలు చట్టం బయటిదైతే మీరు ముందు మౌనంగా ఉన్నా ఫరవాలేదు. 2019లో ఫార్ ఈస్ట్ స్క్వేర్, యావ్ లీ కేసులో ఫైనల్ సర్టిఫికెట్, అంటే ఆర్కిటెక్ట్ ఇచ్చే ఆఖరి లెక్కల సర్టిఫికెట్, వచ్చేశాక పేమెంట్ క్లెయిమ్ వేశారు. ఫైనల్ సర్టిఫికెట్‌తో ఆర్కిటెక్ట్ పని ముగిసిపోయింది, ఇంక సర్టిఫై చేసేవాడే లేడు, కాబట్టి అది చట్టం కిందకే రాదు అన్నారు. 2020లో షిమిజు, స్టార్‌గుడ్ కేసులో కాంట్రాక్ట్ టెర్మినేట్ అయ్యాక అదే పరిస్థితి, సర్టిఫై చేయాల్సిన ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి అధికారం ముగిసింది. కాబట్టి టెర్మినేషన్ వాసన వస్తున్న జాబ్‌లో సబ్‌కాన్‌లు చివరి క్లెయిమ్ ముందే వేసుకోండి, తర్వాత కాంట్రాక్ట్‌లో ఏ ముక్క ఎలా రాసి ఉందో దాని మీద అంతా ఆధారపడుతుంది.

ఇంకోటి చిన్నది. హెచ్‌డీబీ (ప్రభుత్వ హౌసింగ్ బోర్డు) ఫ్లాట్‌లో కిచెన్ టైల్స్, వార్డ్‌రోబ్ లాంటి రెనొవేషన్, బిల్డింగ్ కంట్రోల్ కమిషనర్ అనుమతి అక్కర్లేని ఇంటి పని, ఈ చట్టం కిందకి రాదు. జీతం కోసం ఉద్యోగి వేసేది కూడా రాదు, దానికి వేరే దారులున్నాయి.

ఏడో స్టెప్: మోసం అనే మాట వాడే ముందు

ఇది చివరాఖరి ఆయుధం. 2020లో ఫసాడ్ సొల్యూషన్, మీరో ఆసియా పసిఫిక్ కేసులో కోర్టు కొలత చెప్పింది. అడ్జుడికేటర్ ఆధారపడ్డ విషయం అబద్ధం అయ్యుండాలి, క్లెయిమెంట్‌కి అది అబద్ధమని తెలిసి ఉండాలి లేదా తెలిసి ఉండాల్సింది, మీకు అప్పట్లో అది తెలియకపోయి ఉండాలి, తీర్పుకి అది ముఖ్యమై ఉండాలి. ఆ కేసులో మోసం అంటిన భాగాన్ని మాత్రమే తీసేసి మిగతాది ఉంచారు. క్వాంటిటీ మీద గొడవని మోసం అని పిలవకండి, కోర్టులో మీ మిగతా వాదన బరువు కూడా పోతుంది.

ఎనిమిదో స్టెప్: డబ్బు సిద్ధం చేసుకోండి

కోర్టులో సెట్ అసైడ్‌కి వేయాలంటే తీర్పు మొత్తంలో కట్టని భాగమంతా కోర్టులో డిపాజిట్ చేయాలి. సగం కాదు, గ్యారంటీ ఇస్తానన్న మాట కాదు, మొత్తం. ఫైనాన్స్ మేనేజర్‌తో మొదటి రోజే మాట్లాడండి, చాలా సవాళ్లు ఇక్కడే ఆగిపోవడం చూశాను, ఆగాలని పెట్టిన రూలే అది. అవతల క్లెయిమెంట్ తీర్పుని అమలు చేయించుకోవడానికి కోర్టు పర్మిషన్ తీసుకుని ఆర్డర్ సర్వ్ చేశాక కదలడానికి మీకు 14 రోజులే ఉంటాయి, అఫిడవిట్‌లో రెండో స్టెప్‌లో రాసిన కాగితం కుడి పక్క, ఐదో స్టెప్ టేబుల్, మూడో స్టెప్ క్యాలెండర్, ఈ మూడూ అటాచ్ చేస్తే లాయర్ పని సగం అయిపోయినట్టే.

కొట్టేయించడం కుదరదు గానీ డబ్బు ఇస్తే మళ్లీ రాదేమో అని భయం ఉంటే, స్టే అడగొచ్చు. దానికి క్లెయిమెంట్ ఇప్పటికే దివాలా తీశాడని గట్టి ఆధారం, లేదా రేపు మనం గెలిచినా డబ్బు తిరిగి రాదని కోర్టు నమ్మే ఆధారం కావాలి. చిన్న కంపెనీ, పెయిడప్ క్యాపిటల్ తక్కువ అన్నది ఆధారం కాదు.

ఇక గెలిచిన సబ్‌కాన్ వైపు నుంచి

మీ మీద సెట్ అసైడ్ వేస్తే కంగారు పడకండి, డబ్బు కోర్టులో భద్రంగా ఉంది. అవతలివాడి ప్రతి పాయింట్‌కీ మీరు వేయాల్సిన మొదటి ప్రశ్న నాలుగో స్టెప్‌దే, పేమెంట్ రెస్పాన్స్‌లో ఎక్కడ చెప్పారు? ఆ రెస్పాన్స్ ఒరిజినల్ పీడీఎఫ్, అది వచ్చిన ఈమెయిల్ హెడర్‌తో సహా దాచుకోండి. తప్పు ఒక భాగానికే పరిమితమైతే ఆ భాగం మాత్రమే తీసేయమని అడగండి, మొత్తం పోకుండా కోర్టు అలా చేయగలదు. అవతలివాడు డబ్బు కట్టకుండా, కోర్టుకీ వెళ్లకుండా కూర్చుంటే, 7 రోజుల నోటీస్ ఇచ్చి పని ఆపే హక్కు కూడా చట్టం ఇచ్చింది, కానీ ఆ నోటీస్ రోజులు కూడా పైన చెప్పిన లెక్కలోనే లెక్కపెట్టండి.

హైదరాబాద్, విజయవాడలో చిన్న యూనిట్లు నడిపే బంధువులు ఇది మాకూ ఉందా అని అడుగుతుంటారు. ఇలాంటి అడ్జుడికేషన్ చట్టం మనకి లేదు. దగ్గరగా ఉన్నది 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం, అందులో కూడా కొన్నవాడు ఫెసిలిటేషన్ కౌన్సిల్ అవార్డుని సవాల్ చేయాలంటే 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి, ఆలోచన అదే. వర్క్స్ కాంట్రాక్ట్‌లకి అది వర్తిస్తుందా అన్నది మాత్రం అక్కడి లాయర్‌ని అడిగే ముందుకెళ్లండి.

నా ఎక్సెల్ షీట్‌లో ఇప్పుడు మొదటి ట్యాబ్ సింగపూర్ పబ్లిక్ హాలిడేల జాబితా. ఆ ఏడాదిలో ప్రకటించగానే అప్‌డేట్ చేస్తాను, హాలిడే ఆదివారం పడితే సోమవారం కూడా కలుపుతాను. రెండో ట్యాబ్‌లో క్లెయిమ్ తేదీ కొడితే రెస్పాన్స్ తేదీ, సెటిల్‌మెంట్ వారం చివరి రోజు, అప్లికేషన్ వేయదగ్గ రోజులు వాటంతటవే వస్తాయి. వచ్చాక కూడా గోడ క్యాలెండర్ మీద వేలు పెట్టి ఒకసారి, పక్క టేబుల్ అబ్బాయిని పిలిచి వాడి చేత ఇంకోసారి లెక్కపెట్టిస్తాను.